ధర్మనిధి ఉపన్యాసం పెట్టేవాళ్లకు

తెలుగునాట విశ్వవిద్యాలయాల్లో బయటివాళ్లు కూడా వెళ్లి వినదగ్గ సభల్లో ధర్మనిధి ఉపన్యాసాలది పెద్ద వాటా. ఒక పండితుడి పేరు మీదనో, ఊరి పెద్ద పేరు మీదనో ఆయన పిల్లలో శిష్యులో కొంత సొమ్ము విశ్వవిద్యాలయానికి అప్పగిస్తారు. అసలు సొమ్ము బ్యాంకులో కదలకుండా ఉంటుంది. వడ్డీతో ఏటా ఒకరిని పిలిచి మాట్లాడిస్తారు. పద్ధతి ఇంత సులువు. అయినా ఎన్నో నిధులు పదిహేనేళ్లు తిరిగేసరికి శిలాఫలకం మీద పేరుగా మిగిలిపోతున్నాయి. జరిగే సభల్లో కూడా రెండు గంటల్లో అసలు ఉపన్యాసానికి అరగంట దక్కితే గొప్ప. కొత్తగా నిధి పెట్టాలనుకునే కుటుంబాలకూ, సభ భారం నెత్తిన పడ్డ యువ అధ్యాపకులకూ పనికొస్తాయని ఈ వివరాలన్నీ ఒకచోట పెడుతున్నాను.

నా దృష్టిలో ధర్మనిధి ఉపన్యాసానికి ఫలితాలు రెండే. ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లు విన్న యాభై నిమిషాలు ఒకటి, తర్వాత రానివాళ్లు చదువుకునే అచ్చు ప్రతి రెండోది. శాలువాలు, ఫ్లెక్సీ, భోజనాలు, పత్రికలో ఫొటో ఈ రెంటికీ సాయం చేసినంతవరకే ఉండాలి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో) ప్రముఖ న్యాయవాది అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరిట ఏర్పాటైన ఉపన్యాసాలను 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇచ్చారు. అప్పుడు అక్కడ ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ ఉపన్యాసాలను విశ్వవిద్యాలయం ‘మాన్’ అనే పేరుతో పుస్తకంగా వేసింది కాబట్టి ఇవాళ్టికీ వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. ఆ రోజు వేదిక మీద ఎంతమంది కూర్చున్నారో ఎవరికీ గుర్తులేదు. రాధాకృష్ణన్ 1929లో ఇంగ్లండులో ఇచ్చిన హిబ్బర్ట్ నిధి ఉపన్యాసాలూ అంతే. 1932లో పుస్తకంగా రావడం వల్లే అవి నిలిచాయి.

దస్తావేజు

నిధి బతకడం, చావడం దస్తావేజు రాసిన రోజే చాలావరకు తేలిపోతుంది. స్కాట్లాండులో గిఫర్డ్ ఉపన్యాసాలని ఉన్నాయి. ఆడమ్ గిఫర్డ్ అనే న్యాయమూర్తి 1885లో రాసిన వీలునామా ప్రకారం ఎనభై వేల పౌండ్లు ఎడింబరో, గ్లాస్గో, ఆబర్డీన్, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాలకు వచ్చాయి. 1888లో మొదలైన ఉపన్యాసాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆయన విషయాన్ని సహజ దైవశాస్త్రమని (మతగ్రంథాల మీద కాక ప్రకృతి, తర్కం మీద ఆధారపడి దేవుణ్ణి గురించి ఆలోచించడమని) పెట్టాడు గానీ, వక్త ఏ మతంవాడైనా, ఏ మతమూ లేనివాడైనా ఫర్వాలేదన్నాడు. విద్యార్థులకే కాక ఊరందరికీ తలుపులు తెరిచి ఉంచాలన్నాడు. అంత వెసులుబాటు ఉండబట్టే భౌతిక శాస్త్రవేత్తలూ, తత్వవేత్తలూ, చరిత్రకారులూ ఆ పీఠం మీద నుంచి మాట్లాడగలిగారు.

మన దగ్గర దస్తావేజులు దీనికి తలకిందులుగా ఉంటాయి. ‘మా నాన్నగారి కావ్యం మీద, ఆయన పుట్టినరోజునే, ఆయన చదివిన శాఖలోనే’ అని రాస్తారు. ప్రేమతో రాసిన మాటే, కాదనను. కానీ ఒక కావ్యం మీద ఎనిమిది, పది ఉపన్యాసాలు అయ్యాక పదకొండో వక్త కొత్తగా చెప్పడానికి ఏమీ దొరకదు. పుట్టినరోజు మే నెలలో వస్తే సెలవులు, జనవరి రెండో వారంలో వస్తే సంక్రాంతి. రెండేళ్లు వరసగా తప్పాక మూడో ఏడు అడిగేవాళ్లుండరు.

అందుకని విషయాన్ని ఆయన పనిచేసిన రంగంగా రాయాలి. పద్యకవి అయితే ‘తెలుగు కవిత్వం, ఛందస్సు, కావ్య విమర్శ’ అనాలి. ఇంజనీరు అయితే ‘నీటిపారుదల, నీటి నిర్వహణ’ అనాలి. తేదీకి బదులు ‘ఆగస్టు నుంచి ఫిబ్రవరి లోపు’ అని గడువు పెట్టాలి. వక్తను ఎంచే సంఘంలో శాఖాధ్యక్షులు, ఆ రంగంలో బయటి నిపుణులొకరు, కుటుంబం తరఫున ఒకరు ఉంటే చాలు. కుటుంబానికి సలహా చెప్పే హక్కు ఉండాలి, వద్దనే హక్కు వద్దు. ఒక ఏడు ఉపన్యాసం జరగకపోతే ఆ వడ్డీ అసలులో కలవాలా, మరుసటి ఏటికి రావాలా అన్నది తప్పకుండా రాయాలి. రాయకపోతే అది విశ్వవిద్యాలయం సాధారణ ఖాతాలో కలిసిపోతుంది, మళ్లీ విడదీయడం చాలా కష్టం. శాఖ మూతపడినా, వేరే శాఖలో కలిసినా నిధి ఎవరి చేతికి వెళ్లాలో ఒక వాక్యం ఉండాలి. ఉపన్యాస పాఠాన్ని అచ్చు వేసే హక్కు విశ్వవిద్యాలయానిదనీ, తన వ్యాససంపుటిలో చేర్చుకునే స్వేచ్ఛ వక్తదనీ రాస్తే తర్వాత పేచీ రాదు.

ఎంత సొమ్ము కావాలి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. 1985లో ఇరవై ఐదు వేలు పెట్టిన కుటుంబం అనుకుందాం. పది శాతం వడ్డీ చొప్పున ఏటా 2,500 రూపాయలు. ఆ రోజుల్లో వక్తకు రైలు టికెట్టు, బస, పారితోషికం, కార్డులు అన్నీ అందులో సరిపోయేవి. అదే సొమ్ము మీద ఇవాళ ఆరున్నర శాతానికి వచ్చేది 1,625. టీ ఖర్చుకు కూడా రాదు. నిధి ఎవరూ తినలేదు, దాచిన చోటే ఉంది, దాని విలువే ధరల పెరుగుదలలో కరిగిపోయింది. దీనికి విరుగుడు ఒక్కటే: ఏటా వచ్చే వడ్డీలో కనీసం పదిహేను శాతం అసలుకు చేర్చాలని దస్తావేజులోనే రాయడం. అలా చేర్చినా ధరలతో పూర్తిగా సమానంగా పెరగదు. అందుకే పదేళ్లకొకసారి నిధిని సమీక్షించి కుటుంబాన్నో పూర్వ విద్యార్థులనో కొంత కలపమని అడగాలి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అడిగితే ఇచ్చేవాళ్లే ఎక్కువ.

నూట యాభై మంది వచ్చే ఉపన్యాసానికి మామూలుగా వేసే లెక్క ఇది. పారితోషికం 10,000. ప్రయాణం, బస 8,000. శాలువా, జ్ఞాపిక 2,000. కార్డులు, ఫ్లెక్సీ 3,000. మనిషికి పాతిక చొప్పున టీ, బిస్కెట్లు 3,750. వీడియో, ఆడియో 4,000. చిరుపుస్తకం మూడు వందల ప్రతులకు 12,000. మొత్తం 42,750. ఊరిని బట్టి, వక్త ఎక్కణ్ణుంచి వస్తున్నారన్న దాన్ని బట్టి అటూఇటూ అవుతుంది. పదిహేను శాతం అసలులో కలిపాక ఇంత మిగలాలంటే, ఆరున్నర శాతం వడ్డీకి అసలు ఏడు లక్షల డెబ్భై ఐదు వేల దాకా ఉండాలి. అంత లేకపోతే రెండేళ్లకొక ఉపన్యాసం పెట్టుకోవడం మంచిది. ఏటా వక్తను బస్సులో రప్పించి, పుస్తకం మానేసి పెట్టే దానికన్నా రెండేళ్లకొకసారి పద్ధతిగా చేసేది నిలుస్తుంది. పాత చిన్న నిధులు నాలుగైదు ఉంటే వాటిని ఒకే వరసగా కలిపి, ప్రతి ఏడూ ఒకరి పేరు మీద నడపడం ఇంకో దారి. దాతల వారసుల అంగీకారం, పాలకమండలి తీర్మానం రెండూ కావాలి.

వక్త, తేదీ, హాలు

వక్తను కనీసం మూడు నెలల ముందు అడగాలి. ఫోన్లో ఒప్పుకోగానే ఉత్తరం పంపాలి. ఉత్తరంలో ఉపన్యాసం నిడివి, వినేవాళ్లెవరు, పారితోషికం ఎంత, పాఠం ఎప్పటికి ఇవ్వాలి, రికార్డు చేసి ఇంటర్నెట్లో పెడతామన్న సంగతి అన్నీ ఉండాలి. పాన్ కార్డు నకలు, బ్యాంకు ఖాతా వివరాలు అప్పుడే తీసుకుంటే సభ అయ్యాక పెద్దాయనను పారితోషికం కోసం ఆరు నెలలు తిప్పే పాపం తప్పుతుంది. ఎనభై ఏళ్ల విద్వాంసుడు మూడు వేల ప్రయాణ ఖర్చు కోసం ఫోన్లు చేయాల్సి రావడం ఏ విశ్వవిద్యాలయానికీ పరువు కాదు.

విషయం శీర్షికను వక్తతో కూర్చుని తేల్చాలి. ‘తెలుగు సాహిత్యం, సమాజం’ లాంటి శీర్షిక ఇస్తే వక్త పదకొండో శతాబ్దంలో మొదలుపెడతారు, సమయం అయిపోయేసరికి ప్రబంధాల దాకా కూడా రారు. ‘పందొమ్మిదో శతాబ్దపు తెలుగు వాచకాల్లో రైతు’ అని ఇస్తే యాభై నిమిషాల్లో చెప్పగలిగిన మాట తయారవుతుంది. శీర్షిక కింద వంద మాటల సారాంశం అడగండి. అదే కార్డు మీద, పత్రికా ప్రకటనలో, పుస్తకం అట్ట మీద వాడుకోవచ్చు.

తేదీకి ముందు ఉపకులపతి పేషీలో ఖాళీ చూసుకోవాలి, పరీక్షల పట్టిక చూసుకోవాలి, పెళ్లి ముహూర్తాలు కూడా చూసుకోవాలి. శ్రావణంలో గట్టి ముహూర్తం ఉన్న రోజున ఊళ్లో సభలకు జనం రారు. సమయం విషయంలో రెండు రకాల శ్రోతలు రెండు వైపులా లాగుతారు. రోజూ ఊళ్ల నుంచి వచ్చిపోయే విద్యార్థులు నాలుగున్నర బస్సుకు వెళ్లిపోతారు. రిటైరైన ఉపాధ్యాయులు, ఉద్యోగులు, ఊళ్లోని సాహిత్యాభిమానులు సాయంత్రమే రాగలరు. బయటివాళ్ల కోసం పెట్టే ఉపన్యాసమైతే సాయంత్రం అయిదింటికే పెట్టాలి. హాస్టల్లో ఉన్న విద్యార్థులు ఎలాగూ ఉంటారు. ఉదయం పదిన్నరకు పెట్టి, క్లాసులు ఆపి, హాజరు వేస్తామని చెప్పి పిల్లలను నింపడం వల్ల హాలు నిండుతుంది గానీ వాళ్లకు ఉపన్యాసం అంటేనే విసుగు పుడుతుంది.

ఉస్మానియాలో ఠాగూర్ ఆడిటోరియం, విశాఖలో వై.వి.ఎస్. మూర్తి ఆడిటోరియం, నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం వారి ఎన్.టి.ఆర్. కళామందిరం లాంటివి పెద్ద సందర్భాలకు. వంద, నూట యాభై మంది వచ్చే ఉపన్యాసానికి శాఖలోని సెమినార్ హాలే మేలు. నూట ఇరవై కుర్చీల గదిలో నూట నలభై మంది ఉంటే వక్త గొంతులో ఉత్సాహం వేరు. ఏడెనిమిది వందల సీట్లలో అదే నూట నలభై మంది చెదిరి కూర్చుంటే ఎవరి ముఖమూ కనిపించదు. పెద్ద హాలే దిక్కైతే వెనక వరసలకు తాడు కట్టి ముందు వైపు కూర్చోబెట్టాలి.

వేదిక మీద ఎంతమంది

ఒక మామూలు ఆహ్వాన పత్రిక తీసుకుని లెక్క కట్టండి. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఇద్దరు ఆత్మీయ అతిథులు, ప్రధాన వక్త, స్వాగతం చెప్పేవారు, వందన సమర్పణ చేసేవారు. తొమ్మిది మంది. వ్యాఖ్యాత ఒక్కొక్కరిని ఒక పద్యం చదివి వేదిక మీదికి పిలుస్తారు, మనిషికి నిమిషంన్నర చొప్పున పదమూడు నిమిషాల పైమాటే. జ్యోతి ప్రజ్వలన ఎనిమిది. ప్రార్థనా గీతం నాలుగు. స్వాగతం ఎనిమిది. పూలగుత్తులు ఆరు. అయిదుగురు అతిథులు ‘రెండు మాటలు’ చెబితే మనిషికి ఎనిమిది చొప్పున నలభై. అధ్యక్షుల తొలి పలుకులు పది. ఎనభై తొమ్మిది నిమిషాలు అయ్యాయి, ప్రధాన వక్త ఇంకా లేవలేదు. పదిన్నర సభ పదకొండుకు మొదలైతే ఆయన మైకు ముందుకు వచ్చేది పన్నెండున్నరకు. ఆ సరికి చీటీ వస్తుంది, ‘అయ్యా, కొంచెం క్లుప్తంగా’ అని. మూడు నెలలు చదివి రాసుకొచ్చిన మనిషికి ఆ చీటీ ఇవ్వడం కన్నా పెద్ద అగౌరవం లేదు.

వేదిక మీద నలుగురు చాలు: అధ్యక్షులు, వక్త, శాఖాధ్యక్షులు, దాత కుటుంబం తరఫున ఒకరు. తొంభై నిమిషాల సభను ఇలా పంచవచ్చు. ప్రార్థన, జ్యోతి అయిదు నిమిషాలు. స్వాగతం, నిధి పరిచయం కలిపి శాఖాధ్యక్షులు అయిదు. అధ్యక్షులు అయిదు. కుటుంబ ప్రతినిధి మూడు. వక్త పరిచయం మూడు, సత్కారం రెండు. ఇరవై మూడు నిమిషాలకు వక్త మైకు ముందు ఉంటారు. ఉపన్యాసం యాభై. ప్రశ్నలు పదిహేను. వందన సమర్పణ రెండు. అధ్యక్షులను ముందే మాట్లాడించడానికి కారణం ఉంది. ఉపకులపతులు, రిజిస్ట్రార్లు మధ్యలో వెళ్లాల్సి రావడం మామూలే. చివర పెడితే వాళ్లు వెళ్లడానికి లేచినప్పుడు ఉపన్యాసం ఆపి వాళ్లకు మైకివ్వాల్సి వస్తుంది. సత్కారం ముందే జరపడానికీ కారణం అదే.

పిలవక తప్పని పెద్దలు ఉంటారు, అది నిజం. వాళ్ల పేర్లు కార్డు మీద ‘గౌరవ ఆహ్వానితులు’ అని వేసి, ముందు వరసలో పేరు రాసిన కుర్చీలు పెట్టి, స్వాగతంలో ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరిస్తే సాధారణంగా ఎవరూ నొచ్చుకోరు. కార్డు అచ్చుకు ఇవ్వకముందే వాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి, అంతే. కార్డు చూసి తెలుసుకుంటే నొచ్చుకుంటారు.

జ్యోతి ప్రజ్వలన ఎనిమిది నిమిషాలు పట్టడానికి మొదటి కారణం, ఫ్యాను. వేదిక మీది ఫ్యాన్లు ముందే ఆపాలి. వత్తులు అరగంట ముందే నూనెలో నానాలి, కొసలకు కర్పూరం పొడి అద్దాలి. వెలిగించే కొవ్వొత్తి పొడవుగా ఉండాలి, ముందే ఒకసారి వెలిగించి ఆర్పి ఉంచాలి. కొత్త కొవ్వొత్తి వత్తి వెంటనే అంటుకోదు. ఇంత చేస్తే అయిదు వత్తులూ ఒక నిమిషంలో వెలుగుతాయి.

వక్త పరిచయం అంటే బయోడేటా చదవడం కాదు. ఆ రోజు విషయానికి సంబంధించి ఆయన చేసిన మూడు పనులు చెబితే చాలు, పెద్ద అక్షరాల్లో ఒక పేజీ. ఇంటిపేరు, ఊరిపేరు, పుస్తకాల పేర్లు ఎలా పలకాలో వక్తనే అడిగి రాసుకోవాలి.

మైకు

ఉపన్యాసాన్ని పాడుచేసేవాటిలో మొదటిది మైకు. హాలు ఎంత ఖరీదైనదైనా సభకు గంట ముందు ఒక మనిషి చివరి వరసలో కూర్చుని, ఇంకొకరు వేదిక మీద వార్తాపత్రిక చదివి చూడాల్సిందే. ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటే ఏమీ తెలియదు. వాక్యాలు చదివితేనే ‘స, శ, ష’లు విడిగా వినిపిస్తున్నాయో, ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయో తెలుస్తుంది. ఖాళీ హాల్లో గోడల నుంచి ప్రతిధ్వని ఎక్కువ. జనం నిండాక వాళ్ల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి పరీక్షలో సరిపోయిన ధ్వని సభ మొదలయ్యాక కాస్త తగ్గినట్టుంటుంది, కొంచెం పెంచుకోవాలి.

కీచుమనే కూత ఎందుకు వస్తుందంటే, స్పీకర్ల నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి, అక్కడ నుంచి మళ్లీ స్పీకర్లోకి వచ్చి తిరుగుతుంది కాబట్టి. స్పీకర్లు మైకుకన్నా ముందుకు, శ్రోతల వైపు ఉండాలి. వేదిక మీద నాలుగు బల్ల మైకులు తెరిచి ఉంటే కూత ముప్పు ఇంకా పెరుగుతుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా ధ్వని పెంచుకునే వెసులుబాటు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకని వక్త మాట్లాడుతున్నంతసేపూ మిగతా మైకులన్నీ ఆపి ఉంచాలి. చేతి మైకు తలను పిడికిలితో మూసి పట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల మైకు అన్ని వైపుల శబ్దాన్నీ పట్టుకోవడం మొదలుపెట్టి కూస్తుంది. కింది భాగం పట్టుకోమని నెమ్మదిగా చెప్పాలి.

పెద్దవయసు వక్తకు బల్ల మైకు కన్నా కాలరు మైకు నయం. చదువుతూ తల కిందికి దించినా, పక్కకు తిప్పినా గొంతు పడిపోదు. గడ్డానికి జానెడు కింద, మధ్యలో గుచ్చాలి. శాలువా, పూలదండ దానికి తగిలితే గరగర వస్తుంది. సత్కారం అయ్యాక దండ తీసి పక్కన పెట్టి, అప్పుడు మైకు తగిలించాలి. బ్యాటరీలు ప్రతి సభకూ కొత్తవే వేయాలి. బల్ల మైకే ఉంటే నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచితే ‘ప, ఫ, భ’ల దగ్గర ఊదిన చప్పుడు రాదు.

పాఠం చదివే బల్ల దగ్గర విడిగా దీపం కావాలి. ప్రొజెక్టర్ కోసం లైట్లు ఆర్పేస్తే వక్తకు తన కాగితమే కనిపించదు. వేదిక మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ లేకపోతే ఒక విద్యార్థిని అక్కడ నిలబెట్టాలి. నీళ్లు చల్లనివి కాకుండా మామూలువి, మూత తీసిన సీసాతో.

తెర మీద తెలుగు

వక్త స్లైడ్లు తెస్తే తెలుగు అక్షరాల సంగతి ముందు రోజే చూడాలి. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో కొట్టించిన పాఠం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో ఉన్నా, వేరే కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే ఇంకోటి వచ్చి వరసలు తప్పుతాయి. రెండింటికీ మందు ఒకటే: తయారుచేసిన కంప్యూటర్లోనే పీడీఎఫ్ చేసి తెమ్మనాలి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది. కొత్తగా తయారుచేసేవాళ్లకు మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే సైజు చాలదు. స్లైడు మీద ముప్పై రెండు పాయింట్లకు తగ్గకూడదు, వరసల మధ్య ఒకటిన్నర రెట్లు ఖాళీ ఉండాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలోకి దిగుతుంది, ‘స్త్ర’ లాంటి సంయుక్తాక్షరాలు ముద్దగా కనిపిస్తాయి. స్లైడుకు ఆరు వరసలు మించితే చివరి బెంచీలకు చదవడం కష్టం. పద్యాలు చూపిస్తే ఒక స్లైడుకు ఒకే పద్యం, పాదం విరగకుండా. నేల మీద నుంచి నాలుగడుగుల ఎత్తు లోపు ఉన్న తెర భాగం ముందువాళ్ల తలల వల్ల వెనకవాళ్లకు కనపడదు. ముఖ్యమైన మాట స్లైడు అడుగున పెట్టకూడదు.

ఊరికి తెలియాలి

పది రోజుల ముందు వాట్సాప్‌లో కార్డు, రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి. పత్రికల జిల్లా పేజీల్లో ‘నగరంలో నేడు’ శీర్షికకు ముందు రోజు మధ్యాహ్నానికల్లా నాలుగు వరసల ప్రకటన చేరాలి. అందులో విషయం, వక్త, చోటు, వేళ, ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’ అన్న మాట ఉండాలి. ఆ ఒక్క మాట లేకపోతే బయటివాళ్లు విశ్వవిద్యాలయం గేటు దాటడానికి జంకుతారు. గేటు దగ్గర భద్రతా సిబ్బందికి సభ సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలి. గేటు నుంచి హాలు దాకా ప్రతి మలుపులో బాణం గుర్తుతో కాగితం అంటించాలి. ఆవరణ వందల ఎకరాలుండే చోట, స్కూటరు మీద వచ్చిన రిటైర్డు మాస్టారు భవనం దొరక్క వెనక్కి వెళ్లిపోతే ఆ తప్పు మనదే.

టీ సభ తర్వాత ఇవ్వడం వాడుక. సభకు ఇరవై నిమిషాల ముందు ఇచ్చి చూడండి, జనం వేళకు వస్తారు.

ప్రశ్నలు

ప్రశ్నల సమయం మన సభల్లో ఎక్కువగా రెండో ఉపన్యాసంగా మారుతుంది. ముందు వరసలోని ఒక పెద్ద లేచి ఎనిమిది నిమిషాలు తన అభిప్రాయం చెప్పి, ‘దీనిమీద మీరేమంటారు’ అని కూర్చుంటారు. ఉపన్యాసం మొదలవకముందే చిన్న చీటీలు, పెన్సిళ్లు పంచితే ఇది చాలావరకు తగ్గుతుంది. విద్యార్థులిద్దరు చీటీలు పోగుచేసి తెస్తారు. సభ నడిపేవారు ఒకే రకమైనవాటిని కలిపి చదువుతారు. నాలుగైదు చీటీలయ్యాక మైకు తిప్పాలి, మనిషికి నిమిషం. మైకు విద్యార్థి చేతిలోనే ఉండాలి, అడిగేవారి చేతికి ఇవ్వకూడదు. మొదటి ప్రశ్న విద్యార్థినికి ఇస్తే వెనక కూర్చున్న అమ్మాయిలకు నోరు పెగులుతుంది. చదవని చీటీలన్నీ సభ అయ్యాక వక్తకు ఇవ్వాలి. చాలామంది వక్తలు వాటికి జవాబులు పాఠంలో కలిపి పుస్తకానికి పంపుతారు, అది పుస్తకానికి పెద్ద లాభం.

అచ్చు

రికార్డింగుకు కెమెరా మైకు మీద ఆధారపడవద్దు. సౌండు మిక్సర్ నుంచి నేరుగా ఒక తీగ రికార్డరుకు తీసుకుంటే హాలు దగ్గులు, కుర్చీల చప్పుడు పడవు. ఫైలుకు సంవత్సరం, నెల, తేదీ, వక్త పేరు, నిధి పేరు పెట్టి ఆ వారంలోనే రెండుచోట్ల దాచాలి.

పాఠం సభకు పదిహేను రోజుల ముందు వస్తే ఆ రోజే పుస్తకం ఆవిష్కరించవచ్చు. కానీ సభ తర్వాత వచ్చిన సవరణలతో రెండు నెలలకు వేసే పుస్తకమే మంచిదని నా అభిప్రాయం. నింపాదిగా చదివితే తెలుగులో నిమిషానికి తొంభై నుంచి వంద మాటలు వస్తాయి. యాభై నిమిషాల ఉపన్యాసం నాలుగున్నర వేల నుంచి అయిదు వేల మాటలు. డెమీ సైజులో (మామూలు పుస్తకం సైజు) పేజీకి రెండు వందల ఇరవై మాటల చొప్పున ఇరవై ఒకటి నుంచి ఇరవై మూడు పేజీలు. ముందుమాట, నిధి వివరాలు, వక్త పరిచయం, ఇంతకుముందు ఉపన్యాసాల జాబితా కలిపితే ముప్పై రెండు పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు సరిగ్గా రెండు. పేజీలు పదహారు గుణిజంలో లేకపోతే కాగితం వృథా. వక్త పాఠం ఇవ్వకుండా నోటికే మాట్లాడితే రికార్డింగు నుంచి రాయించాలి. గంట ప్రసంగం రాయడానికి అలవాటున్న మనిషికి కూడా ఒక పూర్తి రోజు పడుతుంది, ఆ కూలీ ఖర్చులో ముందే చూపాలి. రాసినదాన్ని వక్తకు చూపకుండా అచ్చు వేయకూడదు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం అచ్చయిన ముప్పై రోజుల్లోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై కన్నెమరా, ముంబయి ఏషియాటిక్ సొసైటీ కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి పంపాలి. విశ్వవిద్యాలయ పుస్తకాలు చాలా వాటికి ఈ పని జరగడం లేదు. మిగిలిన ప్రతుల్లో వక్తకు పాతిక, కుటుంబానికి పాతిక, మిగతా విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకూ, జిల్లా కేంద్ర గ్రంథాలయాలకూ ఒక్కొక్కటి. యాభై ప్రతులు శాఖ బీరువాలో విడిగా పెట్టి, ప్రతి ఏడూ కొత్త వక్తకు ఆహ్వానంతో పాటు పాత పుస్తకాలన్నీ ఒక కట్టగా పంపాలి. ముందువాళ్లు ఏం చెప్పారో చదువుకుని వచ్చిన వక్త చెప్పిందే మళ్లీ చెప్పరు. ఎక్కడ విభేదిస్తున్నారో పేరుపెట్టి చెబుతారు.